దీపాలార్పేవాడి రిజిస్టరు

టార్టు ఊళ్లో నవంబరులో
మూడున్నర దాటితే పొద్దు గూకినట్టే.
నేలమాళిగలో మాకా తేడా తెలీదు.
ఇక్కడ పొద్దున్నించీ చీకటే,
కావాలని పెట్టుకున్న చీకటి.

నా పేరు ఊర్మస్.
ఇరవయ్యేళ్లు సినిమాహాల్లో ప్రొజెక్టరు తిప్పాను.
హాలు మూసేశాక ఇక్కడ మైక్రోస్కోపులు కాస్తున్నాను.
అందరూ వెళ్లాక లేజర్లు ఆర్పడం,
ఎంతసేపు వెలిగాయో రాసిపెట్టడం నా పని.

రాత్రి రెండు నుంచి ఆరు దాకా: హెల్వె.
ఎవరూ అడగని వేళలు ఆమెవి.
గాజుగిన్నెలో ఎలుక మెదడు కణాలు,
పసిబిడ్డకు పోసే నీళ్లంత వెచ్చగా,
ఇంకా బతికి, కొమ్మలు వేస్తున్నవి.
వాటిలో ఆమె వెతికేది
ఇరవై రెండు అక్షరాల తునక.
పేరు లేదు దానికి, నెంబరుంది.

"ఏం చేస్తుందమ్మా అది?" అన్నానోసారి,
ఫ్లాస్కు మూత తిప్పుతూ.
"చాలు అంటుంది," అంది.
జన్యువు పంపిన ఉత్తరాన్ని దారిలోనే పట్టుకుని
చాలు, ఇంక చదవొద్దు అంటుందట.
ఆ ఒక్క మాటకి
ఒక ప్రొటీను పుట్టడం మానేస్తుంది.
పిట్ట కొంచెం, మౌనం ఘనం.

మాట్లాడేవాణ్ణి గొంతును బట్టి పట్టుకోవచ్చు.
నోరు మూయించేవాణ్ణి?

ఆమె పంపే వేగు
జడపిన్నులా వంగిన పోగు.
ఒక కొసన దీపం,
రెండో కొసన దాన్ని మూసిన చెయ్యి.
వంగి ఉన్నంతసేపూ నలుపే.
తన జత అక్షరాలు తగిలితేనే
నడుం చాచి నిటారవుతుంది,
చెయ్యి దూరమవుతుంది, వెలుగుతుంది.
నా వృత్తివాడొకడు అందులో ఉన్నాడని
నాకు కాస్త గర్వం.

ఫిబ్రవరిలో వెలిగింది.
స్క్రీను నిండా పచ్చగా, వాన పడ్డ చేనులా.
ప్రొఫెసర్ లెప్పిక్ కిందికి దిగొచ్చి
నా భుజం కూడా తట్టాడు, నేనేదో చేసినట్టు.
ఎవరో కేకు తెచ్చారు.
హెల్వె ముట్టలేదు.
పక్క గిన్నెలో ఇంకో పోగు వేసి ఉంచింది,
అవే అక్షరాలు, కలగాపులగంగా,
ఎవరికీ జత కానిది.
అదీ వెలిగింది. అంతే పచ్చగా.

కణంలో కత్తెరలుంటాయట.
పరాయి పోగు కనబడితే కొరికేస్తాయి.
తెగిందా, దీపమొకవైపు, చెయ్యొకవైపు.
మేం కేకు కోసుకున్నది
ముక్కలైన వేగుల ముందు.

ఆ రాత్రి రిజిస్టరులో, పరిశీలన గడిలో
పెన్ను ఒత్తి రాసింది:
అబద్ధం వెలిగింది, నాలుగు గంటలు.
ఎవరైనా పెద్దవాళ్లు చూస్తారేమో, చింపనా అన్నాను.
వద్దంది. ఆ పేజీ ఉంది.

కత్తెరలకు లొంగని వెన్నుతో కొత్త పోగు
అక్టోబరుకి గానీ చేతికి రాలేదు.
ఈలోగా ఎమాయొగి నది కరిగింది,
ఈతగాళ్లు వచ్చారు, పోయారు.
ప్రొఫెసర్ మళ్లీ మెట్లు దిగలేదు.

నిన్న మూడూ ఇరవైకి పిలిచింది.
కుర్చీ నాకిచ్చి తను నిలబడింది.
ఏమీ కనిపించలేదు.
"కళ్లు అలవాటు పడనీండి," అంది.
నాకా చెప్పడం! చీకట్లో ముసలైనవాణ్ణి.
అప్పుడు, పొడవాటి కొమ్మ మొదట్లో, ఒక చుక్క.
కాస్త ఆగి ఇంకొకటి.
కలగాపులగం గిన్నె వైపు తిప్పింది.
నలుపు. మళ్లీ చూశాం. నలుపే.

చూసేకొద్దీ తరిగిపోతాయవి.
చూడ్డానికి వేసే వెలుగే వాటిని తినేస్తుంది,
ఒక్కో ఫోటోకి ఇంతని.
"ఇంకొకటి తీస్తావా?" అన్నాను.
పలకలేదు. చూస్తే ఆరతాయని తెలిసీ
అటే చూస్తోంది.
నేనే అన్నాను, చాలు.
లేజరు ఆర్పాను.

గంటా నలభై నిమిషాలు, అని రాశాను.
పరిశీలన గడిలో ఏం రాయాలో
ఇద్దరికీ తోచలేదు.
పెన్ను తీసుకుని రెండు చుక్కలు పెట్టింది.